తాతకు మనవడి పోలిక

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం బెంగళూరు హూడిలోని మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ఒక పెద్దాయన పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతున్నారు. రిటైరై కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. మాటకారి, పిల్లలంటే ప్రాణం. "గుడి మీద ఉండేదాన్ని ఏమంటార్రా?" అన్నారు. ఎవరికీ తెలియలేదు. "విమానం! మరి విమానం అంటే?" "ఏరోప్లేన్!" అని అరిచారు పిల్లలు. "అదీ! మనవాళ్లు వేల ఏళ్ల కిందటే విమానాల్లో తిరిగారు. అవి పోయాక గుర్తు పోకూడదని రాతితో వాటి బొమ్మలు కట్టారు. అవే ఈ గుళ్లు. పైన కలశం ఉంటుందే, అది యాంటెనా."

చప్పట్లు మోగాయి. నేను వెనక కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. పిల్లల ముందు పెద్దవాళ్ల మాట కాదనకూడదని నన్ను పెంచారు. కాగితం మీద ఆ మొహమాటం అక్కర్లేదు కాబట్టి చెబుతున్నాను. పెద్దాయన చెప్పినదాంట్లో నిజం ఒక్కటే, గుడి మీద ఉండేదాన్ని విమానం అంటారన్నది. మిగిలిందంతా తిరగేసిన కథ.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. రైట్ సోదరులు ఎగిరింది 1903 డిసెంబరు 17న. మన దేశంలో అలహాబాదు నుంచి యమున దాటించి నైనీకి గాల్లో ఉత్తరాలు చేరవేసింది 1911 ఫిబ్రవరి 18న. ఆకాశంలో కొత్త యంత్రం కనబడేసరికి దానికో పేరు కావలసి వచ్చింది. చదువుకున్నవాళ్లు పురాణాల్లోంచి 'విమానం' తీసి దానికి తొడిగారు. చదువు లేనివాళ్లు తమకు తోచినట్టు 'గాలిమోటరు' అన్నారు. మా నాయనమ్మ చివరిదాకా అదే అనేది. హిందీవాళ్లలో చాలామందికి అది గాల్లో పోయే ఓడ, హవాయీ జహాజ్. మనకు మాత్రం చదువుకున్నవాళ్ల మాటే నిలిచింది. గాలిమోటరే గెలిచి ఉంటే ఈ సిద్ధాంతం పుట్టేదే కాదు. హవాయీ జహాజ్ అంటున్నారు కదా అని పాతకాలపు ఓడలన్నీ ఎగిరేవని ఉత్తరాదిన ఎవరూ వాదించినట్టు నేను వినలేదు.

మనవడికి తాత పేరు పెట్టుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. మనవడు ఐటీపీఎల్ టెక్‌పార్కులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరని, అదే పేరున్న తాత కూడా మెడలో బ్యాడ్జి వేసుకుని తిరిగాడని ఎవరైనా అంటారా? ఇక్కడ జరిగింది అచ్చంగా అదే. గుడి దగ్గర అరువు తెచ్చిన పేరు యంత్రానికి పెట్టాం. వందేళ్లు గడిచేసరికి అరువు సంగతి మరిచి, గుడే యంత్రాన్ని చూసి పుట్టిందంటున్నాం.

ఆ పాత మాటకి అసలు అర్థం ఎగరడం కాదు, కొలవడం. సంస్కృతంలో 'మా' అంటే కొలుచు. పద్ధతిగా కొలిచి కట్టింది విమానం. దేవతల మేడనూ అలాగే పిలిచారు, రాజుల అంతస్తుల భవనాన్నీ అలాగే పిలిచారు, గర్భగుడి మీద లేచిన కట్టడాన్నీ అలాగే పిలిచారు. తిరుమలలో ఆనందనిలయ విమానం అంటే భక్తులు తలెత్తి దణ్ణం పెట్టేది ఆ బంగారు తాపడం కట్టడానికే, ఇంజనుకు కాదు. దక్షిణాది వాస్తు గ్రంథం మయమతంలో విమానమంటే గుడి. అందులో అంతస్తును తలం అంటారు. ఒక అంతస్తుదైతే ఏకతలం, రెండైతే ద్వితలం. నిలువునా దాని అంగాలు ఆరు: అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి. పాదం, మెడ, తల, ఆ పైన సిగ. మనిషి నిలబడ్డట్టు నిలబడే వస్తువది. రెక్కా లేదు, తోకా లేదు. పైగా మయమతంలో వాహనాలకు వేరే అధ్యాయమే ఉంది. అందులో ఉన్నవి పల్లకీలు, రథాలు. ఎగిరేదొకటి చేతిలో ఉంటే రాయడానికి అంతకన్నా మంచి చోటు ఆ గ్రంథం రాసినాయనకు ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో చిన్న పొరపాటు. పెద్దాయన ఫోనులో పిల్లలకు చూపించిన ఫొటోలు సగం విమానాలే కావు, గోపురాలు. ప్రాకారం వాకిలి మీద లేచేది గోపురం, స్వామి నెత్తిన ఉండేది విమానం. వాడుకలో రెంటినీ గోపురమే అంటాం, 'విమాన గోపురం' అని కలిపి కూడా అంటాం, అందులో తప్పు లేదు. కానీ సిద్ధాంతం చేయడానికి కూర్చున్నవాళ్లు ఆ మాత్రం తేడా చూసుకోవద్దా? వీధి గుమ్మం ఎగిరిపోయి ఇల్లు కిందే ఉండిపోవడం ఏ పురాణంలోనూ లేదు.

మరి ఆ ఆకారం ఎక్కడిది? గుడిసెది. మహాబలిపురంలో 7వ శతాబ్దంలో బండను తొలిచి చేసిన ద్రౌపది రథం చూడండి. అచ్చమైన పూరిగుడిసె, కప్పు వాలు కూడా గడ్డి కప్పినట్టే. పల్నాట చేజర్ల కపోతేశ్వరుడి గుడి కప్పు ఏనుగు వీపులా వెనక గుండ్రంగా వంగి ఉంటుంది. వెదురు వంచి కట్టిన కప్పును ఇటుకలోకి దించితే వచ్చే వంపు అది. కర్రతో కట్టినదాన్నే రాతిలో మళ్లీ కట్టారు మన శిల్పులు. దూలం కొసలు, చూరు, కిటికీ కమాను ఏదీ వదలలేదు.

నమ్మకపోతే నంది దాకా వెళ్లి చూడొచ్చు. మా హూడి కుర్రాళ్లు శనివారం తెల్లవారుజామున మూడున్నరకే లేచి సూర్యోదయం కోసం నంది కొండకు కార్లలో పరుగెడతారు. మంచు తప్ప ఏమీ కనబడక, ఉడికించిన మొక్కజొన్న తిని వెనక్కి వస్తారు. కొండ కిందే భోగనందీశ్వరుడి గుడి ఉంది, 9వ శతాబ్దంలో మొదలైన కట్టడం. అక్కడ విమానం ఎదురుగా ఒక పావుగంట నిలబడి చూడాలి. ప్రతి అంతస్తు అంచునా చిట్టి చిట్టి ఇళ్ల వరస ఉంటుంది. మూలల్లో చదరపు గుడిసెలు, వాటిని కూటాలంటారు. మధ్యలో పొడుగాటి కప్పున్న ఇళ్లు, అవి శాలలు. వాటి చూరుల్లో చిన్న కమాను కిటికీలు, ఆ కిటికీల్లో ముఖాలు. ఇంటి మీద ఇల్లు, దాని మీద ఇంకో ఇల్లు పెట్టి చివరికి ఒక్క పెద్ద ఇంటిగా ముగించాడు శిల్పి. ఇంత చూసి అందులో రాకెట్టు కనబడిందంటే కళ్లజోడు మార్చుకోవడమే.

"ఆకారం సంగతి సరే, శాస్త్రం ఉంది కదా" అంటారు. ఉంది. పేరు వైమానిక శాస్త్రం, భరద్వాజ మహర్షిదని చెబుతారు. దాని పుట్టిల్లు ఏ హిమాలయ గుహో కాదు, మాకు గంట దూరంలో ఉన్న ఆనేకల్. ట్రాఫిక్ కరుణించకపోతే రెండున్నర గంటలు. అక్కడి పండిట్ సుబ్బరాయశాస్త్రి 1918 నుంచి 1923 దాకా శ్లోకాలు చెబుతూ పోయారు, వెంకటాచల శర్మ రాసుకున్నారు. 1923లో ఎల్లప్ప అనే డ్రాఫ్ట్స్‌మన్ చేత బొమ్మలు గీయించారు. బెంగళూరులోని ఇంజనీరింగ్ కాలేజీకి చెందిన మనిషి, యంత్రాల బొమ్మలు గీసి చెయ్యి తిరిగినవాడు. ఆ బొమ్మల్లో మరలు, గొట్టాలు, పంకాలు ఎందుకున్నాయో ఇక వేరే చెప్పాలా? మైసూరులో జి.ఆర్. జోస్యర్ ఆ శ్లోకాలను ఇంగ్లీషు అనువాదంతో 1973లో అచ్చువేశారు. "తాళపత్రాలు జర్మన్లు ఎత్తుకుపోయారు" అనే మాట వినబడినప్పుడల్లా నాకు ఈ పుస్తకం గుర్తొస్తుంది. ఎత్తుకుపోవడానికి తాళపత్రం ఎక్కడుంది? ఉన్నది నోట చెప్పగా రాసుకున్న ప్రతి, అదీ అచ్చయి అందరికీ దొరుకుతోంది.

మరుసటేడే, 1974లో, మా బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఐదుగురు దాన్ని ముందేసుకుని కూర్చున్నారు: హెచ్.ఎస్. ముకుంద, ఎస్.ఎం. దేశ్‌పాండే, హెచ్.ఆర్. నాగేంద్ర, ఎ. ప్రభు, ఎస్.పి. గోవిందరాజు. చదవకుండా కొట్టిపారేసినవాళ్లు కారు. శకున, సుందర, రుక్మ, త్రిపుర అనే నాలుగు విమానాలను తీసుకుని, ఇవి ఎగరగలవా అని శాస్త్రప్రకారం పరీక్షించారు. భాష వేదకాలంది కాదు, ఈ మధ్య కాలంది. రచన 1904కి ముందుది అయ్యే అవకాశం లేదు. శ్లోకంలో చెప్పినదానికీ బొమ్మలో గీసినదానికీ పొత్తు కుదరదు. నాలుగింటిలో ఒక్కటీ ఎగరదు. ముందుకు నడపడానికి పెట్టిన ఏర్పాట్లే ఎగరడానికి అడ్డుపడతాయి. ఇవీ వాళ్లు తేల్చినవి. యాభై ఏళ్లు దాటింది. దీనికి లెక్కతో జవాబు చెప్పిన మనిషి నా కంటబడలేదు, ఉపన్యాసంతో చెప్పినవాళ్లు మాత్రం బోలెడుమంది.

సుబ్బరాయశాస్త్రిని దొంగ అనడానికి నాకు నోరు రాదు. 1918 నాటికి యూరప్ ఆకాశంలో నాలుగేళ్లుగా విమానాలు ఒకదాన్నొకటి కూల్చుకుంటున్నాయి, ఆ వార్తలు ఇక్కడికీ చేరుతున్నాయి. పాత మాటలతో నిండిన బుర్రలో కొత్త యంత్రం పడితే ఏం పుడుతుందో ఆయన పుస్తకం చూపిస్తుంది. మోసమల్లా దాన్ని వేల ఏళ్లనాటిదని చెప్పి అమ్మడంలో ఉంది.

తారీఖులు ఒక్కోసారి వేళాకోళం చేస్తాయి. 2001 జనవరి 4న మా పక్కనే ఉన్న హెచ్.ఏ.ఎల్. విమానాల ఫ్యాక్టరీ రన్‌వే మీద నుంచి తేజస్ యుద్ధవిమానం మొదటిసారి ఎగిరింది. 1940లో మొదలైన ఆ ఫ్యాక్టరీ వెనక, 1951లో ఎగిరిన హెచ్.టి.-2 వెనక, ఎంతోమంది ఇంజనీర్ల రాత్రులున్నాయి. 2015 జనవరి 4న ముంబయి సైన్స్ కాంగ్రెస్‌లో కెప్టెన్ ఆనంద్ బోడస్ వైమానిక శాస్త్రాన్ని సభకెక్కించారు. 2019 జనవరి 4న జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ జి. నాగేశ్వరరావు రావణుడికి 24 రకాల విమానాలు, లంకలో విమానాశ్రయాలు ఉండేవన్నారు. తేజస్ లెక్క తప్పితే పైలట్ ప్రాణం పోతుంది. రావణుడి విమానాల లెక్క 24 అయినా 240 అయినా ఎవరికీ ఏమీ కాదు. అందుకే రెండో లెక్క అంత తేలిగ్గా నోట వస్తుంది.

పుష్పకం మీద నాకు ఏ పేచీ లేదు. సుందరకాండలో హనుమంతుడు దాన్ని చూసి నోరు వెళ్లబెట్టాడు, నేనూ అంతే. యజమాని మనసు తెలుసుకుని కదిలేది, హంసలు మోసేది, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేది. ఈ చివరి గుణాన్ని ఆఫీసు వేళల్లో మా మెట్రోవాళ్లు సాధించడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారు. అది కవి కట్టిన మేడ. ఆకాశం నుంచి చూసినట్టు నేలను వర్ణించాడు కాబట్టి కవి విమానమెక్కే ఉండాలంటారా? అయితే మేఘాన్ని దూతగా పంపిన కాళిదాసు మబ్బెక్కి తిరిగాడని కూడా ఒప్పుకోవాలి.

తరవాత ఒకరోజు పెద్దాయన ఒంటరిగా దొరికితే ఇదంతా మెల్లగా చెప్పాను. కోప్పడలేదు. "అయితే మనవాళ్లకి ఏమీ తెలియదంటావా బాబూ?" అన్నారు. గొంతులో బాధ ఉంది.

నా కోపం సరిగ్గా అక్కడే. తెలుసు కాబట్టే చెబుతున్నానండీ అన్నాను. పాలంపేట రామప్ప గుడి చూడండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం అక్కడే ఉంది. కింద గుడంతా బరువైన రాయి. పైన విమానం దగ్గరికి వచ్చేసరికి శిల్పి ఆగి ఆలోచించాడు. ఆ ఎత్తున రాయి పేరిస్తే కింద గోడలు, పునాది మోయాలి. అందుకని గుల్ల ఇటుక కాల్చాడు, నీళ్లలో వేస్తే మునగనంత తేలికది. విమానం ఎగరలేదు గానీ ఇటుక తేలింది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఈ గుడినే. ఆ శిల్పిని పట్టుకుని "నువ్వు కట్టింది ఏదో విమానానికి నకలు" అంటే, అతని బుర్రలోంచి వచ్చిన ఆ ఇటుక విలువ ఏం కాను? బోయింగ్‌తో పోల్చితే తప్ప అతను గొప్పవాడు కాలేడా?

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "రామప్ప నేను చూడలేదయ్యా" అన్నారు.

రామప్ప దూరం కాబట్టి ఆయన్ని మా వెనక వీధికి తీసుకెళ్లాను. అక్కడొక చిన్న గుడికి విమానం కడుతున్నారు. సారవ కర్రల మీద హోసూరు వైపు నుంచి వచ్చిన నలుగురు పనివాళ్లు, సగం తెలుగు, సగం తమిళం. ఒకతను గుండు కట్టిన దారం వేలాడదీసి ఒక కన్ను మూసి మూల సరిచూస్తున్నాడు, ఇంకొకతను సిమెంటు సింహం మూతి చెక్కుతున్నాడు. పెద్దాయన తలెత్తి, ఉండబట్టలేక అడిగేశారు: "ఏమయ్యా, పూర్వం ఇవి ఎగిరేవంటారు, నిజమేనా?"

దారం పట్టుకున్న మనిషి రెండో కన్ను కూడా తెరిచి కిందికి చూశాడు. "ఇది ఎగిరిపోతే లోపలుండే సామి వానకి తడిసిపోడా సార్?" అని, కాస్త పక్కకు జరగమన్నాడు. పై నుంచి నీళ్లు కొట్టాలట.