ప్రతిమాగృహము, దేవకులికుడు: ప్రదర్శనశాలల కుటుంబ కార్యక్రమములపై ఒక మనవి

మే నెల 18వ తేదీని అంతర్జాతీయ ప్రదర్శనశాలా దినోత్సవముగా 1977 నుండి పలు దేశములలో జరుపుచున్నారు. నవంబరు 19 మొదలు 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవము జరుగును. ఇట్టి దినములలో మన ప్రాంతీయ పురావస్తు ప్రదర్శనశాలలు బాలబాలికలకు చిత్రలేఖనపు పోటీలను, ప్రశ్నోత్తర పోటీలను, కుటుంబములకు వినోద కార్యక్రమములను ఏర్పాటు చేయుచుండుట హర్షింపదగిన విషయము. అయినను అందొక ముఖ్యమైన లోపము కలదనియు, దానికి మావంటి పండితులును కొంత బాధ్యులనియు నా అభిప్రాయము.

కొన్ని యేండ్ల క్రిందట నా మనుమరాలిని వెంటబెట్టుకొని అట్టి ఉత్సవమునకు ఒకదానికి వెళ్ళితిని. ఆవరణమంతయు జనసమ్మర్దము, లోపలి గదులలో నిశ్శబ్దము. చిత్రలేఖనమున ఆ బిడ్డకు రంగు పెన్సిళ్ళ పెట్టె బహుమతిగా వచ్చెను. ఇంటికి బయలుదేరుచుండగా ఆమె ఒక రాతిఫలకము కడ నిలిచి, "తాతయ్యా! దీనిమీద ఏమి వ్రాసినారు?" అని అడిగెను. అది బ్రాహ్మీలిపి. నలుబది యేండ్లు సిద్ధాంతకౌముది పాఠము చెప్పిన నాకు అందొక్క అక్షరమును తెలియలేదు. చదివి చెప్పువారు ఆ గదిలో మరెవ్వరును లేరు. "చాలా పాతది, తల్లీ" అని మాత్రము చెప్పి ఆమె చేయి పట్టుకొని బయటికి వచ్చితిని. ఆ సమాధానము నన్ను నేటికిని బాధించుచున్నది.

ఆ రాత్రి నాకు భాసుని ప్రతిమానాటకము స్మరణకు వచ్చెను. మేనమామ ఇంటినుండి వచ్చుచున్న భరతుడు అయోధ్య పొలిమేరలో ప్రతిమాగృహమును ప్రవేశించును. ఆ విగ్రహములను దేవతలనుకొని నమస్కరింపబోవును. దేవకులికుడు వారించి, వీరు ఇక్ష్వాకులని తెలిపి, దిలీపుడు, రఘువు, అజుడు అని వరుసగా పరిచయము చేయును. జీవించియున్నవారి ప్రతిమలను ఇచట నిలుపరని అతడు చెప్పగా, నాల్గవ ప్రతిమ తన తండ్రిదని యెరిగిన భరతుడు మూర్ఛిల్లును. తల్లులును అచటికే వచ్చి అతనిని కలిసికొందురు. తండ్రి రూపమును ఎదుట చూచుచున్నను భరతునకు తెలియని సత్యమును తెలిపినది దేవకులికుని మాట. మన ప్రదర్శనశాలలకు ప్రతిమలు కలవు, భరతులును వచ్చుచున్నారు, దేవకులికులు చాలరు.

చెప్పువాడున్నచో రాయి ఎంత చెప్పగలదో అమరావతి శిలలే తార్కాణము. 1797లో కాలిన్ మెకంజీ అచ్చటికి వచ్చిన పిదపటి కాలమున స్తూపశిలలు పలుచోట్లకు తరలినవి. నేడవి అమరావతిలోనే గాక చెన్నై ప్రభుత్వ మ్యూజియమునందును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందును కలవు. వానిపై ప్రాకృతభాషలో చెక్కిన దానశాసనములు అనేకము. చెన్నైలోని ఒక పూర్ణఘట ఫలకమును విధికుడను చర్మకారుడు దానము చేసెను. అతడు తన పేరొక్కటియే చెక్కించుకొనలేదు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడనని చెప్పి, తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళు అందరితో కూడి ఇచ్చిన దానమని వ్రాయించెను. కుటుంబ కార్యక్రమమనగా ఇంతకంటె ఏమి కావలెను? అంతేకాదు, ఉపాధ్యాయుని కుమారుడు చర్మకారుడని ఆ శాసనము సంకోచము లేక చెప్పుచున్నది. గ్రంథములే ప్రమాణముగా పెరిగిన మావంటివారు నేర్వవలసిన పాఠమది.

జనులు వినోదమునకై వత్తురు గాని శాసనపాఠము వినుటకు ఎవరు కూర్చుందురని కొందరందురు. ఈ మాట మన దేశమున చెల్లదు. అక్షరము రానివారును దేవాలయ మండపములలో ప్రొద్దుపోవువరకు భారతపురాణము విన్నారు. పౌరాణికుడు సమర్థుడైనచో శ్రోతలకు కొరత యెన్నడును లేదు.

కావున నా మనవి ఇది. ప్రతి కుటుంబ కార్యక్రమమునందును ఒక్క శిలను ఎన్నుకొని, అరగంటసేపు దాని అక్షరములను, అర్థమును, ఊరిని, దాతను గూర్చి చెప్పించవలెను. మూలశిలను తాకకుండ, పెద్దదిగా తీసిన ఛాయాచిత్రముపై పిల్లలచే అక్షరములు గుర్తింపజేయవలెను. పిదప వారు తమ తల్లిదండ్రుల, తాతముత్తాతల పేర్లను ఆ లిపిలో వ్రాసికొని ఇంటికి గొనిపోవలెను. ఆ పేర్లు చెప్పుటకైనను పెద్దలు పిల్లల ప్రక్కన కూర్చుందురు. అమరావతిలో శివరాత్రికిని, కార్తీకమాసమునను అమరేశ్వరుని దర్శనమునకు కుటుంబములు తండోపతండములుగా వచ్చును. అట్టి దినములే ఇందుకు తగినవి. భారత పురావస్తు శాఖవారి ప్రదర్శనశాలలలో పదునైదేండ్లలోపు పిల్లలకు ప్రవేశరుసుము లేదు. తలుపు తెరచియే యున్నది. లోపల పలుకరించువారు కావలెను.

ఆ పలుకరించువారిని తయారుచేయవలసిన భారము మన ప్రాచ్యకళాశాలలది. సంస్కృతము, తెలుగు చదివిన విద్యార్థికి కొద్దిమాసముల లిపిశిక్షణ యిచ్చినచో ప్రదర్శనశాలకు దేవకులికుడు దొరకును. విద్యార్థికిని తాను చదివిన చదువునకు లోకమున చోటు దొరకును. అమరావతి శిలపై 'నాగబు' అను పదమును గుర్తించి తెలుగువారికి చూపినది వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులే గదా! ఆ మార్గమును మనము విడిచితిమి.

నేనిప్పుడు బ్రాహ్మీ వర్ణమాలను దిద్దుకొనుచున్నాను. నా మనుమరాలే పరీక్షాధికారిణి. సంయుక్తాక్షరముల వద్ద ఇంకను తడబడుచున్నాను. రాబోవు వారోత్సవమునకు ఆమెతో ఆ ఫలకము కడకే వెళ్ళి, నాడు చెప్పలేని సమాధానమును చెప్పవలెనని నా సంకల్పము.