గృహిణీ గోష్ఠి: మోటారుసైకిళ్లను మోయు ఇంటిబండి



క్రిందటి మాసమున ఊరగాయ జాడీలను గూర్చి ప్రసంగించిన మేము ఈ మాసమున బండిని గూర్చి వ్రాయుట చూచి మీలో కొందఱు ముక్కున వ్రేలిడుకొందురు. ఇడుకొనుడు, కాని కడవఱకు చదువుడు. ఇది బండికథ యైనను గృహిణి లెక్కకు సంబంధించిన కథ.

మా చెల్లెలు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరప్రాంతమున కాపురముండి పదునెనిమిది సంవత్సరములైనది. మా మఱదిగారికి మోటారుసైకిలనిన మిక్కిలి ప్రీతి. వారి కుమారునకు నిరుడు పదునేడేండ్లు. తండ్రి పిచ్చియే వానికిని పట్టినది. ఆగస్టు మాసమున బాలుడు కళాశాల చదువునకై వేఱు రాష్ట్రమునకు పోవలసియుండెను. ఆలోపల తల్లిదండ్రులు, పిల్లలిద్దఱు కలిసి బండ్లతో సహా దేశము చూచి రావలెనని మఱదిగారు సంకల్పించి, ఒక పెద్ద ఇంటిబండికి బయానా ఇచ్చివచ్చిరి. దానిని లాగుటకు ఇంటనున్న ట్రక్కే చాలునని వారి ధీమా.

సంక్రాంతి నాటి రాత్రి మా చెల్లెలు ఫోనున మాటలాడుచు, "అక్కయ్యా, మీ మఱది నా మాట వినుట లేదు. ఏదో తప్పున్నదని నా మనసునకు తోచుచున్నది, ఏమో చెప్పలేకున్నాను. అడిగినచో, నీకేమి తెలియును, ఇది వంటయిల్లు కాదనుచున్నారు" అని కంట తడి పెట్టుకొనెను. మేము ఆ బండి వివరములన్నియు పంపుమని, రెండు రాత్రులు కూర్చుండి చదివితిమి. తెలియనిచోట పంతులుగారిని, అనగా మావారిని, అడిగి తెలిసికొంటిమి.

ముందు ఆ బండి యెట్టిదో చెప్పెదము. అది చక్రములపై నున్న ఇల్లు. ముందుభాగమున పడకగది, నడుమ వంటయిల్లు, స్నానపుగది. వెనుక మోటారుసైకిళ్లు నిలుపుకొను కొట్టు. వెనుక గోడయే క్రిందికి దిగి ఏటవాలు బల్లయగును. దానిపైనుండి బండ్లను లోనికి ఎక్కింతురు. అక్కడివారు దీనిని టాయ్ హాలరు, అనగా ఆటవస్తువులను మోయు బండి, అందురు. మగవారి ఆటవస్తువులు మాత్రము ఒక్కొక్కటి ఎనిమిది వందల పౌనులు తూగును.

ఈ బండ్లలో పెద్దవానిని ట్రక్కు వెనుక కొసకు కాక, ట్రక్కు తొట్టి నడుమ, ఇరుసునకు ఇంచుమించు సరిగా పైన, తగిలింతురు. ఇంటిబండి ముక్కు ట్రక్కుపైకి సాగియుండును. దాని క్రింద కింగుపిన్ను అను లావుపాటి ఇనుప మేకు ట్రక్కులోని పట్టులో కూర్చుండును. ఆ పట్టునకే ఐదవ చక్రమని పేరు. పూర్వము గుఱ్ఱపుబండ్లలో ముందు ఇరుసుపై నేలనంటని అడ్డచక్రమొకటి ఉండి బండి మలుపు తిరుగుటకు తోడ్పడుచుండెను. ఆ పేరే నేటికిని నిలిచినది. విమానములు నిర్మించిన గ్లెన్ కర్టిస్ అను అమెరికా దేశస్థుడు 1907లో తాను చేసిన ఎనిమిది సిలిండర్ల మోటారుసైకిలుపై గంటకు 136 మైళ్ల వేగమున పరుగెత్తెను. ఆయనయే 1920 దశాబ్దపు చివర ఈ తీరున కారునకు తగిలించు ఇంటిబండిని చేయించెను. మోటారుసైకిలునకు, ఇంటిబండికి చుట్టరికము నాటినుండియే కలదు కాబోలు!

ఇక అసలు సంగతి. మా తాతగారి ఊర ధాన్యపు బండి కట్టునపుడు పాలేరు బస్తాలను ఎక్కడబడిన అక్కడ వేయకుండెడివాడు. బరువు ముందునకు వచ్చినచో కాడి ఎద్దుల మెడలపై అణగును. వెనుకకు పోయినచో కాడి పైకి లేచి పలుపు గొంతుకు బిగియును. కొంచెము ముందుబరువే మేలు. ఈ యంత్రపు బండికిని ఇదియే ధర్మము. ఐదవ చక్రపు బండి మొత్తము బరువులో ఇంచుమించు అయిదవ వంతునుండి నాలుగవ వంతువఱకు ట్రక్కు వీపుపై కూర్చుండును. వెనుక కొట్టులో మోటారుసైకిళ్లు ఎక్కించినచో ముందుబరువు కొంత తగ్గును. మితిమీఱి తగ్గినచో బండి దారిపై పాము తోక వలె ఊగును. అందువలననే ఇట్టి బండ్లను వట్టిగా నున్నపుడు ముందుబరువు హెచ్చుగా నుండునట్లు నిర్మింతురు.

మా చెల్లెలు పంపిన కాగితముల ప్రకారము ఇంటిబండి వట్టి బరువు 12,500 పౌనులు. అన్నియు నింపిన పిదప మించరాని బరువు 16,000 పౌనులు. మన లెక్కన నూఱు కిలోల బస్తాలు 72 అనుకొనుడు. ఈ రెంటికి నడుమ నున్న 3,500 పౌనులే మనము వేసికొనదగిన సామాను. దానిలోనుండి తీసివేయుచు రండు. నీటితొట్టి 100 గాలనులు. గాలను నీరు 8.3 పౌనులు గనుక 830. మోటారుసైకిళ్లకై బండిలోనే ఉంచు పెట్రోలు 30 గాలనులు. గాలనుకు సుమారు 6 పౌనుల వంతున 180. మఱదిగారి పెద్ద బండి 850. బాలుని చిన్న బండి 250. వ్యాపారి అదనముగా అమర్చిన విద్యుద్యంత్రము, బాటరీలు 450. మిగిలినవి 940 పౌనులు. నలుగురి బట్టలు, పాత్రలు, బియ్యము, పప్పు, కుర్చీలు, పనిముట్లు ఇందులో ఇముడవలెను. జాగ్రత్తగా నున్నచో ఇముడును. కావున ఇంటిబండి వఱకు దోషము లేదు.

దోషము ట్రక్కునందున్నది. ఆ ట్రక్కు 18,000 పౌనులు లాగునని ప్రకటన. మఱదిగారు ఆ అంకె యొకటి చూచి తృప్తినొందిరి. లాగుట వేఱు, మోయుట వేఱు. ఎద్దు లాగగల బరువును దాని వీపున కెత్తుదుమా? చోదకుని తలుపు తెఱచిన చోట ఒక చీటి అంటించియుండును. మనుష్యులు, సామాను కలిసి ఇంతకు మించరాదని అందు వ్రాసియుండును. మా చెల్లెలిచేత తలుపు తెఱపించి చదివించితిమి. 2,400 పౌనులని యున్నది.

ఇంటిబండి నిండు బరువు 16,000లో అయిదవ వంతు 3,200. ఐదవ చక్రపు పట్టు 200. నలుగురు మనుష్యులు 600. మొత్తము 4,000. అనగా 1,600 పౌనులు అధికము. పోనీ, వట్టి బండినే తగిలించెదమన్నను, దాని ముందుబరువు 2,700 అని కాగితమే చెప్పుచున్నది. పట్టును, మనుష్యులను కలిపినచో 3,500. ఒక్క గరిటె యైన లోన పెట్టకమునుపే ఆ ట్రక్కు నడుము విఱుగును. నడుము విఱుగుట మాట యటుండనిండు. వెనుక టైర్లు కాగును, పల్లమున బ్రేకులు పట్టవు. ఆ ట్రక్కులో కూర్చుండువారు మా చెల్లెలు, దాని బిడ్డలు.

ఈ లెక్కను కాగితముపై వ్రాసి పంపితిమి. మఱదిగారు చూచి మూడు దినములు మాటలాడలేదట. పురుషుని తప్పు స్త్రీ లెక్కించి చూపుట కొన్ని యిండ్ల ఎంత కష్టమో మీకు మేము చెప్పనక్కరలేదు. మా చెల్లెలు గద్దింపలేదు, ఏడువలేదు. కాగితమును భోజనపు బల్లపై నుంచి ఊరకుండెను. నాల్గవ దినమున మఱదిగారు తామే ట్రక్కున భార్యాబిడ్డలను కూర్చుండబెట్టి, తైలము నింపించి, లారీలు తూచు వేదికపైకి తోలిరి. తూనిక కన్న నిష్పక్షపాతమైన పెద్దమనిషి లేడు. ఇంటికి వచ్చి, "మీ అక్కయ్యగారు చెప్పినది నిజమే" అనిరట.

నన్నయ గారి ఆరణ్యపర్వమున నలోపాఖ్యానము మీరు చదివియేయుందురు. నలుడు గుఱ్ఱముల హృదయమెఱిగినవాడు; ఋతుపర్ణుడు చెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కింప నేర్చినవాడు. ఋతుపర్ణుని విద్యను గ్రహించిన పిదపనే నలుని కలి విడిచెను. తోలువానికి లెక్కించువాడు తోడు కావలెనని మేము ఆ కథనుండి నేర్చుకొంటిమి. ఇంట లెక్కించువారము మనమే కదా!

అటుపిమ్మట దారులు రెండు. మొదటిది, వెనుక జంటచక్రములు గల పెద్ద ట్రక్కు కొనుట. అది మిక్కిలి వ్యయము. పైగా అపుడు రెండిటి నిర్ణీత భారము 26,000 పౌనులు దాటును గనుక, టెక్సాసునందు సాధారణపు లైసెన్సు చాలక "ఏ" తరగతి లైసెన్సు సంపాదింపవలెను. రెండవది, ట్రక్కు వెనుక కొసకు తగిలించు చిన్న ఇంటిబండి కొనుట. నిండు బరువు 10,000 పౌనులకు మించని దానికి ముందుబరువు సుమారు పదవ వంతునుండి ఏడవ వంతు వఱకు. 1,500 అనుకొన్నను, పట్టును మనుష్యులను కలిపి 2,200. చీటిలోని 2,400కు లోబడును. వారు రెండవదారి పట్టిరి. బయానాలో సగము పోయినది. సగము సొమ్ము పోయి నలుగురు మనుష్యులు దక్కినచో అది నష్టమని మేమనము.

అట్టి బండి కొనువారు, వారికి చెప్పవలసిన గృహిణులు గుర్తుంచుకొనదగిన సంగతులు కొన్ని వ్రాయుచున్నాము. పెద్ద మోటారుసైకిలు ఎనిమిదడుగుల పొడవు; కావున కొట్టును టేపు పెట్టి కొలువవలెను, వ్యాపారి నోటిమాట నమ్మరాదు. ఏటవాలు బల్ల ఎంత బరువు నోర్చునో వ్రాసియుండును. బండితోపాటు మనిషి బరువును కలుపవలెను. వాలు నిటారుగా నున్నచో క్రిందికి దిగియున్న బండి కడుపు గీచుకొనును. బండ్లను కట్టు ఇనుప కడియములు నేలపలకకు గాక క్రింది ఇనుపచట్రమునకు బిగించియున్నవా యని వంగి చూడవలెను. ముందుచక్రమును గట్టి బిగింపులో నిలిపి, ముందు రెండు, వెనుక రెండు పట్టీలతో కట్టి, కొన్ని మైళ్లు పోయిన పిదప ఆగి మరల బిగింపవలెను. టైర్లలోని గాలిని బయలుదేఱక మునుపు, అవి చల్లగా నున్నపుడే చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఊపిరి. ఆ కొట్టులో పగలు మోటారుసైకిళ్లుండును. రాత్రి కప్పునుండి మంచములు దింపి పిల్లలు పరుందురు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు, నేలబట్టి ప్రాకును. గ్యాసుతో నడచు నీళ్లపొయ్యిలోనో, శీతలపు పెట్టెలోనో నిప్పు కలదు. ఇక యంత్రపు పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువానిని నిద్రలోనే హరించును. కావున బండ్లను బయట నుంచి, కొట్టు తలుపులు తెఱచి చాలసేపు గాలి పాఱించిన తరువాతనే పడకలు దింపవలెను. విషవాయువును కనిపెట్టు గంట పని చేయుచున్నదా యని నొక్కి చూడవలెను. తైలము పోయునపుడు లోని నిప్పులన్నియు ఆర్పవలెను. విద్యుద్యంత్రము నడపి నిద్రింపరాదు. ఇందు ఏ యొక్క నియమమును మఱువరాదని చెల్లెలికి మేము మాటిమాటికి చెప్పితిమి.

వారు జూను మాసమున బయలుదేఱి మూడు వారములు తిరిగివచ్చిరి. బండి చిన్నదగుటచే ఒకరి మోచేయి ఒకరికి తగులుచుండెనట. మఱదిగారు, బాలుడు ప్రొద్దున్నే బండ్లు దింపుకొని పోయి మధ్యాహ్నమునకు దుమ్ముకొట్టుకొని వచ్చుచుండిరట. ఆకలియనుచు బాలుడు తల్లి వెనుక నిలుచుండి చారు గిన్నె మూత తీసి చూచుచుండెనట. ఆగస్టున వాడు వెళ్లిపోయెను. ఈ నడుమ ఫోను చేసినపుడు మా చెల్లెలు, "పెద్ద బండి కొనియుంటిమేని వాని పడక వాని గదిలో ఉండెడిది, అక్కయ్యా. చిన్నదగుటచే వాడు ఇరువదియొక్క రాత్రులు నా ప్రక్కనే పరుండెను" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

సోదరీమణులారా, మనకు ఇట్టి ఇంటిబండి కొను అవసరము రాకపోవచ్చును. కాని స్కూటరుపై నలుగురెక్కినపుడు, ఆటోలో పదిమంది పిల్లలను బడికి పంపునపుడు, పెండ్లివారి వ్యానులో అడ్డుబల్ల వేసి మఱి అయిదుగురిని కూర్చుండబెట్టినపుడు ఈ లెక్కయే వచ్చును. ఎంత లాగునని మగవారడుగుదురు. ఎంత మోయునని మనమడుగుదము. "నీకేమి తెలియును" అన్నవారికి కోపముతో గాక కాగితముతో బదులు చెప్పుదము.

వచ్చు మాసమున చింతపండు నిలువ చేయుటను గూర్చి వ్రాసెదము.