వెళ్ళండి, పదండి

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను హైదరాబాద్ ఇప్పట్లో మరిచిపోదు. యాప్రాల్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. పాతికమందిమి మెట్ల దగ్గర గుమిగూడి తలో మాటా అంటున్నాం. మోటారు సంగతేమిటో కిందికి వెళ్ళి చూడమని వాచ్‌మన్‌కు చెప్పాం. చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అంతలో మూడో అంతస్తులో ఉండే సుబేదార్ గారు టార్చిలైటు పట్టుకుని వచ్చారు. శ్రీకాకుళం జిల్లా మనిషి. ఫౌజులో ఇరవయ్యెనిమిదేళ్ళు చేసి ఇక్కడ స్థిరపడ్డారు. నీళ్ళలోకి దిగబోతున్న వాచ్‌మన్ భుజం పట్టుకుని ఆపారు. "ఆగు బాబూ. ముందు కరెంటు తీసెయ్యాలి" అని మీటర్ల గది తాళం అడిగి, తానే వెళ్ళి మెయిన్ ఆపారు. తిరిగొచ్చి ప్యాంటు మోకాళ్ళపైకి మడిచి, మా వైపు చూసి ఒకే ఒక్క మాట అన్నారు: "పదండి". ఆయన వెనకాల నలుగురం దిగాం. కాసేపటికి పదిహేనుమందయ్యాం. తెల్లారేసరికి ఇసుక బస్తాలు అడ్డం పడ్డాయి, నీళ్ళు బయటికి పోయాయి.

వెళ్ళండి, పదండి. రెండూ ఎదుటివాళ్ళను కదలమనే మాటలే. కానీ "వెళ్ళండి" అన్న మనిషి ఉన్నచోటనే ఉంటాడు. "పదండి" అన్న మనిషి కాలు అప్పటికే ముందుకు పడి ఉంటుంది. నాయకత్వం గురించి నేను చదివినవీ విన్నవీ చాలా ఉన్నాయి. వాటిలో ఏదీ ఈ రెండు మాటల మధ్య తేడాను ఆ సెల్లార్ మెట్లంత తేటగా చెప్పలేదు.

మా ప్రాంతంలో ఈ తేడా తెలిసినవాళ్ళకు కొదవ లేదు. యాప్రాల్, సైనిక్‌పురి, బొల్లారం, తిరుమలగిరి... ఎటు వెళ్ళినా గేటు మీద పేరు పక్కన హోదా, హోదా పక్కన రిటైర్డ్ అన్న మాట కనిపిస్తాయి. పొద్దున్నే నడకకు వెళ్తే పక్కన నడిచేది కల్నలో హవల్దారో తెలియదు. వీళ్ళ దగ్గర విన్నవాటిలో నాకు బాగా నచ్చింది బడాఖానా. పండగకో, పల్టన్ పుట్టినరోజుకో జవాన్లూ ఆఫీసర్లూ కలిసి తినే భోజనం అది. ఆఫీసర్లు గరిటె పట్టుకుని జవాన్లకు వడ్డిస్తారు. 1932 డిసెంబరులో డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీని ప్రారంభిస్తూ జనరల్ చెట్‌వుడ్ కాబోయే ఆఫీసర్లకు ఒక వరస చెప్పాడు: ముందు దేశం, తర్వాత నీ కింద పనిచేసే మనుషులు, అన్నిటికన్నా చివర నువ్వు. చెప్పింది వలస పాలకుల సేనాధిపతే అయినా, స్వతంత్ర భారతం ఆ వరసను అలాగే ఉంచుకుంది. విస్తరి దగ్గర అందరికన్నా వెనక, ఆపద దగ్గర అందరికన్నా ముందు ఉండడమే ఆ వరసకు అర్థం.

ఆ అర్థాన్ని ఒకరు ప్రాణమిచ్చి చూపించారు. 2020 జూన్ 17 రాత్రి మాకు కొద్ది దూరంలోనే ఉన్న హకీంపేట వైమానిక స్థావరంలో ఒక విమానం దిగింది. అందులో కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు భౌతికకాయం ఉంది. సూర్యాపేట బిడ్డ. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 2004లో సైన్యంలో చేరి, 2019 డిసెంబరులో 16 బిహార్ పటాలానికి కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో, చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 37. ఆయనతో కలిపి మనవాళ్ళు ఇరవైమంది ప్రాణాలిచ్చారు.

సరిహద్దులో తుపాకి పేల్చకూడదని రెండు దేశాల మధ్య ఒప్పందాలు ఉన్నాయి. రాళ్ళతో, కర్రలతో, మేకులు దిగేసిన ఇనప కడ్డీలతో చీకట్లో, గడ్డకట్టించే చలిలో జరిగిన పోరాటం అది. పటాలమంతటికీ పెద్ద అయిన మనిషి వెనక శిబిరంలో ఉండి మరొకరిని పంపి ఉండవచ్చు. ఆయన తన జవాన్లతో పాటు అక్కడ ఉన్నారు. తీవ్రంగా గాయపడి కూడా ముందు నిలిచి నడిపించారని మహావీర్ చక్ర ప్రశంసాపత్రం చెబుతోంది. 2021 నవంబరులో ఆయన తల్లి, భార్య రాష్ట్రపతి చేతుల మీదుగా ఆ పతకం అందుకున్నారు. టీవీలో ఆ తల్లి ముఖం చూసినప్పుడు కలిగిన దుఃఖం నాకింకా తీరలేదు.

అయితే ప్రతి పెద్దా ప్రతిసారీ తానే చీకట్లోకి దూకాలా? ఈ మాట మా సుబేదార్ గారినే అడిగాను. అక్కర్లేదన్నారు. పదవి పెరిగేకొద్దీ ఆపద రూపం మారుతుందట. సిపాయికి గుండు దెబ్బ, జనరల్‌కు కుర్చీ. ఆ కుర్చీ పోతుందని తెలిసీ నిజం చెప్పడమే జనరల్ ముందు నడవడమని ఆయన అభిప్రాయం. ఒకప్పటి సైన్యాధిపతి మానెక్ షా సంగతి నాకు వెంటనే గుర్తొచ్చింది. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్‌లోకి సైన్యాన్ని పంపే మాట వచ్చినప్పుడు, ఇప్పుడు కాదని ఇందిరాగాంధీ ఎదుటే చెప్పానని, కావాలంటే రాజీనామా ఇస్తానన్నానని ఆయన తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు. రాబోయేది వానాకాలం, నదులు పొంగుతాయి, బలగాలు సిద్ధంగా లేవు అన్నవి ఆయన కారణాలు. డిసెంబరులో యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. పాకిస్తాన్ వైపు సుమారు 93 వేలమంది లొంగిపోయారు. అదే మానెక్ షా నాయకుడికి కావలసినవాటిలో పని తెలిసి ఉండడాన్ని ముందు చెప్పేవారు. ఆ వాన రాత్రి మెయిన్ ఆపాలని తెలియని ధైర్యవంతుడు మమ్మల్ని నడిపించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

యూనిఫాం లేని మనిషి గురించి కూడా చెప్పాలి. ఎస్.ఆర్. శంకరన్ ఐఏఎస్. వెట్టిచాకిరి నుంచి మనుషులను విడిపించడానికీ, పేదపిల్లల గురుకులాలకూ ఉద్యోగ జీవితాన్ని ధారపోశారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర తోటి అధికారులతో పాటు ఆయన్నీ నక్సలైట్లు అపహరించారు. విడుదలయ్యాక ఆ అడవి మాట ఎత్తకుండా ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఉద్యోగ విరమణ తర్వాత ఆయన పౌరస్పందన వేదికకు పెద్దగా నిలిచి, హింస ఆగాలని ప్రభుత్వంతోనూ నక్సలైట్లతోనూ ఏళ్ళ తరబడి మాట్లాడారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. తన పింఛను పేదపిల్లల చదువులకు ఖర్చుపెట్టారు. ఆయనెప్పుడూ గొంతు పెంచింది లేదంటారు ఎరిగినవాళ్ళు. గట్టిగా మాట్లాడేవాణ్ణే నాయకుడనుకునే అలవాటు మనకెలా వచ్చిందో గాని, దానివల్ల ఇలాంటి నెమ్మదైన మనుషులను చాలామందిని పోగొట్టుకున్నాం.

ఈ నెల మా అసోసియేషన్ ఎన్నికలు. నిలబడేది సుబేదార్ గారైతే ఎవరూ అడ్డు చెప్పరని తెలిసి, ముగ్గురం కలిసి ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన భార్య టీ ఇచ్చారు. మేం వచ్చిన పని చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుడి మోకాలి మీద చెయ్యివేసుకుని, ఇదివరకటిలా మెట్లు దిగలేకపోతున్నానన్నారు. "రేపు మళ్ళీ వానొస్తే నేను పైన నిలబడి ఎవరినో వెళ్ళమనాల్సి వస్తుంది. అది నావల్ల కాదు. దిగగలిగినవాళ్ళను చూసుకోండి. కరెంటు, మోటార్లు, నాలా సంగతులు నేను నేర్పుతాను."

కప్పులు కింద పెట్టి లేచాం. అభ్యర్థి పేరు ఇవ్వడానికి శనివారం దాకా గడువుంది. మేం ముగ్గురం మెట్లు దిగుతూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.