అలంకార ఖతులు: సొగసుకు కొలమానం

చేతిరాత వంపులను అనుకరించే అలంకార ఖతి కంటికి ఎంత ఇంపుగా ఉంటే అంత యోగ్యమైనదన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. శుభలేఖకు తగిన ఖతులు ముఖపత్రాలను దాటి లోపలి పాఠంలోకి రావడానికి ఇదే కారణం. ఈ అభిప్రాయం లిపితత్త్వాన్ని విస్మరించినది.

దీనికి ఆదర్శంగా చూపే రోమన్ ఖతులే దీనిని సమర్థించవు. జర్మన్ లిపిరూపకర్త హెర్మన్ జాఫ్ రూపొందించిన జాఫినో (1998) ఇందుకు ఉదాహరణ. ఒక్కో అక్షరానికి పలు ప్రత్యామ్నాయ రూపాలు, పంక్తికి పైనా కిందా దూరంగా సాగే తోకలు దాని ప్రత్యేకత. ఆ తోకలకు విశాలమైన ఖాళీ కావాలి. కనుక అది ఆహ్వానపత్రానికో, శీర్షికకో శోభనిస్తుంది గాని పుటల కొద్దీ పాఠాన్ని మోయలేదు. పుస్తకపాఠానికి పనికివచ్చే పాలటినోను రూపొందించినదీ జాఫే. చేయి ఒకటే అయినా ప్రయోజనభేదాన్ని ఆయన మరువలేదు.

తెలుగులో ఈ వివేకం మరింత అవసరం. రోమన్ కలిపిరాతలో గీత ఒక అక్షరం నుంచి పక్క అక్షరానికి సాగుతుంది. తెలుగు అక్షరం నిలువునా పెరుగుతుంది: పైన తలకట్టు, గుడి, కింద ఒత్తులు. రోమన్ తోకకు దొరికే ఖాళీ తెలుగులో ఒత్తుల స్థానం. ‘రాష్ట్రం’ అన్న పదంలో ‘ష’ కింద టకార రేఫల ఒత్తులు రెండూ ఇమడాలి. అక్కడికి అలంకారపు తోక దిగితే ఏది ఒత్తో, ఏది వంపో తెలియదు. ‘ద’కు, ‘ధ’కు భేదం అడుగున ఉన్న చిన్న గీత మాత్రమే. అది వంపులో కలిసిపోతే ‘ధార’ ‘దార’ అవుతుంది, ‘ఫలము’ ‘పలము’ అవుతుంది. ప్రవాహం భార్యగా, పండు తూకంగా మారిపోతాయి.

సందర్భాన్ని బట్టి పాఠకుడు గ్రహిస్తాడన్న సమాధానం నిలవదు. అలంకార ఖతులు ఎక్కువగా కనిపించేది వ్యక్తినామాల్లో, శీర్షికల్లో. ఊహకు ఆధారమైన సందర్భం కొరవడేదీ అక్కడే. ప్రాచీన పద్యంలో అపరిచిత పదం ఎదురైనప్పుడు పాఠకుడికి అక్షరమే శరణ్యం. ఒక్క ఒత్తు తేడాతో పాఠభేదాన్ని నిర్ణయించే పరిష్కర్తల శ్రమను ముద్రణలో ఒక వంపు వ్యర్థం చేయడం హాస్యాస్పదం.

ఖతుల విషయం సాంకేతిక నిపుణులదే గాని తెలుగు శాఖలది కాదన్న వాదం ఇంకా ప్రమాదకరం. బ్రాహ్మి నుంచి నేటి వరకు లిపిపరిణామాన్ని బోధించే శాఖలు శాసనం వద్ద, తాళపత్రం వద్ద ఆగిపోవడం అసంగతం. ఖతి ఆ పరిణామంలో వర్తమాన దశ. ఏ అలంకార ఖతినైనా ఆమోదించే ముందు అల్పప్రాణ మహాప్రాణాల జంటలను, ‘మ’, ‘వు’ వంటి సన్నిహిత రూపాలను, సంయుక్తాక్షరాలను వాడబోయే పరిమాణంలోనే అచ్చువేసి, సందర్భం లేకుండా చదివించి చూడాలి. ఆ పరీక్షను నిర్వహించవలసింది తెలుగు శాఖలే. అందులో నెగ్గిన వంపే సొగసు. నెగ్గనిది అక్షరం మీద పడిన గీత.