కొక్కెం విప్పే ముందు

మా ఊళ్ళో కుక్కకు గొలుసు వేయడం చిన్నతనంలో నేనెన్నడూ చూడలేదు. పలుపు ఎద్దులకూ, గేదెలకూ గాని కుక్కకు కాదు. తెల్లవారుజామున తాతగారు చేనుకు బయలుదేరితే, అరుగు కింద పడుకున్న కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆయన వెనుక పది అడుగుల దూరంలో నడిచేది. ఆయన దానిని పిలిచేవారు కాదు. అది ఆయనను విడిచేదీ కాదు. అటువంటి దృశ్యాల మధ్య పెరిగినవాడు ఏబది ఎనిమిదేళ్ళ వయస్సులో, ఢిల్లీ నగరంలో, ఒక కుక్కను గొలుసు లేకుండా నాలుగడుగులు నడిపించే ధైర్యం చాలక నెలల తరబడి మథనపడవలసి వస్తుందని ఎవరూహిస్తారు?

ద్వారకలో మేముండే అపార్టుమెంట్ల గేటు దగ్గర, ఒక జనవరి పొగమంచులో, వణుకుతూ దొరికింది చుక్క. జాతికుక్క కాదు, మన వీధికుక్కే. గోధుమ వన్నె ఒళ్ళు, నుదుట తెల్లని మచ్చ. ఆ మచ్చను చూసే మా ఆవిడ ఆ పేరు పెట్టింది. టీకాలు వేయించాము, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము, నగరపాలక సంస్థలో నమోదు చేయించాము. 1957 నాటి ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలోని 399వ సెక్షను ఈ నమోదును గురించే చెబుతుంది. కుక్కలు పెంచేవారిలోనే చాలామందికి ఆ సంగతి తెలియదు. బజారు నుంచి ఎర్రని మెడపట్టెడ, ఒక గొలుసు తెచ్చాను. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను.

దానికి ఏడాది నిండిన రోజులలో ఒక సాయంకాలం గొలుసు కొక్కెం అరిగి ఉన్న సంగతి నేను గమనించలేదు. గేటు దాటగానే ఎదుటి కాలిబాట మీద ఉడుత కనబడింది. టక్కుమని చిన్న చప్పుడు. నా చేతిలోని గొలుసు ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ తేలికదనాన్ని తలచుకుంటే ఈనాటికీ నా అరచేతులు చెమర్చుతాయి. నేను చేసిన మొదటి తప్పు దాని వెనుక పరుగెత్తడం, రెండవది అరవడం. నేనెంత అరిస్తే అదంత ఉత్సాహంగా పరుగెత్తింది. బస్సు ఒకటి కీచుమంటూ ఆగింది. ఆటో నడిపేవాడు నన్ను అనరాని మాటలన్నాడు; అతనిని తప్పు పట్టడానికి లేదు.

రోడ్డు అవతల తోపుడుబండి మీద కూరలమ్మే మనిషి ఇదంతా చూస్తున్నాడు. అతడు దానిని పట్టుకోవడానికి ముందుకు రాలేదు. నేలమీద గొంతుక్కూర్చుని, ముఖం పక్కకు తిప్పుకుని, తన మూటలోని రొట్టె తుంచి అరచేతిలో పెట్టుకున్నాడు. చుక్క ఆగింది. చూసింది. తోక ఊపుకుంటూ వచ్చి అతని మోకాలి దగ్గర నిలబడింది. పట్టెడ పట్టుకుని నాకప్పగిస్తూ, "బాబూజీ, మీరు తరుముతుంటే అది ఆటనుకుంది" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ళు నడిపిన నాకు ఆ పాఠం అంత తేలికగా చెప్పినవారు లేరు.

కాని భయం పాఠాన్ని వినిపించుకోదు. కొత్త గొలుసు కొన్నాను, మునుపటికంటె లావైనది. దానిని చేతికి రెండు చుట్లు చుట్టుకుని, బిగించి నడవసాగాను. ఎదురుగా మరొక కుక్క కనబడితే చాలు, నాకు తెలియకుండానే గొలుసు లాగేవాణ్ణి. నెల తిరగకుండా, అంతవరకు సాధువుగా ఉన్న చుక్క కనబడిన ప్రతి కుక్కమీదా మొరగడం మొదలుపెట్టింది. కుక్కలు ఒకదానికొకటి ఎదురుబొదురుగా వెళ్ళవు. కొంచెం వంపు తిరిగి, పక్కనుంచి వాసన చూసుకుని పరిచయం చేసుకుంటాయి. బిగిసిన గొలుసు ఆ మర్యాదకు అవకాశమివ్వదు. పైగా మన గుండెదడ గొలుసు వెంట దిగి వాటిని చేరుతుందేమో! స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం వారు 58 కుక్కల వెంట్రుకలనూ, వాటి యజమానుల వెంట్రుకలనూ పరీక్షించి 2019లో ఒక విషయం ప్రకటించారు: దీర్ఘకాలిక మానసిక ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ అనే హార్మోను యజమానిలో ఎక్కువగా ఉంటే, కుక్కలోనూ అలాగే ఉంటున్నదట. మా ఇద్దరి వెంట్రుకలు ఆ రోజులలో ఎవరైనా పరీక్షించి ఉంటే ఏమి తేలేదో చెప్పనక్కరలేదు.

మా బ్లాకులో సైన్యం నుంచి రిటైరైన సర్దార్జీ ఒకరున్నారు. మీరట్‌లో సైన్యపు కుక్కలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. అక్కడ కొన్నేళ్ళు పనిచేసిన మనిషి. కొంతకాలం మా తంటాలు చూసి, ఒక ఉదయం పక్కన నడుస్తూ అన్నారు: "భాయ్ సాహెబ్, ఈ కుక్క మీ మాట వింటోందనుకుంటున్నారా? ఇది గొలుసు మాట వింటోంది. గొలుసు లేనినాడు ఏం చేస్తుందో మీకూ తెలియదు, దానికీ తెలియదు."

"వీధికుక్క కదా, నేర్పితే వస్తుందా?" అన్నాను.

ఆయన నవ్వారు. కర్ణాటకలోని ముధోల్ వేటకుక్కలను 2016లో ఆ మీరట్ కేంద్రానికే శిక్షణకు తెచ్చారనీ, అంతవరకు సైన్యంలో విదేశీ జాతులదే పెద్దపీట అనీ చెప్పి, "జాతి పేరు చూసి పాఠం మొదలుపెట్టకండి" అన్నారు.

ఆయన మొదట చేయించిన పని గొలుసు మాన్పించి, మంచాలకు అల్లే నవారు పది మీటర్లు కొనిపించడం. దానిని మెడకు కాక, ఛాతీకి తొడిగే పట్టీకి కట్టించారు. దూరం నుంచి పరుగెత్తి ఒక్క ఊపున ఆగితే మెడ నరాలకు దెబ్బ తగులుతుంది. నవారు నేలమీద ఈడ్చుకుంటూ కుక్క తిరుగుతుంది. అది తనకు స్వేచ్ఛ ఉన్నదనుకుంటుంది. నేను నాకు అదుపు ఉన్నదనుకుంటాను. ఇద్దరికీ అది కొంతవరకే నిజం. ఆ మధ్యస్థితిలోనే చదువంతా జరగాలి.

పిలుపుకు ఆయన నా గొంతును పనికిరాదన్నారు. "మీ గొంతులో కోపమూ ఉంటుంది, కంగారూ ఉంటుంది. ఈలకు అవి ఉండవు." కనుక ఒక ఈల. రెండు పొట్టి ఊదులు. ఊదిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ, ఏదో ఒక మంచి వస్తువు. మాది శాకాహారం గనుక పనీరు ముక్కలు. మొదట ఇంటిలో, తరువాత మెట్ల మీద, ఆ తరువాత డాబా మీద. వారంపాటు ఇంటిలో గది నుంచి గదికి ఈల ఊదుతుంటే, "ఫుట్‌బాల్ రిఫరీని కట్టుకున్నాననుకోలేదు" అని మా ఆవిడ విసుక్కుంది.

అందులో నేను అన్నిటికంటె కష్టపడి నేర్చుకున్నది ఒకటుంది. అంతకుముందు నేను చుక్కను ఎప్పుడు పిలిచేవాణ్ణి? స్నానానికి, మందు వేయడానికి, ఆట ముగించి ఇంటికి తీసుకుపోవడానికి. అంటే నా పిలుపు దానికి ప్రతిసారీ ఒక శిక్ష. మనమైనా అటువంటి పిలుపుకు వెళతామా? సర్దార్జీ లెక్క వేరు: పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి, తల నిమిరి, మళ్ళీ వదిలివేయాలి. పదవసారే ఇంటికి. ఎంత ఆలస్యంగా వచ్చినా కోప్పడరాదు. కోప్పడితే అది పారిపోయినందుకు అనుకోదు, తిరిగి వచ్చినందుకు అనుకుంటుంది. పిలిచినా రాకపోతే వెంటపడక, వెనుతిరిగి ఎదుటి దిక్కుకు పరుగెత్తాలి. అరవై ఏళ్ళకు చేరువైన మనిషి నోట ఈలతో, చేత పనీరు డబ్బాతో, కుక్కకు వీపు చూపించి పరుగెత్తడం మా కాలనీ వారికి కొన్నాళ్ళు వినోదమే అయింది.

మూడు నెలలకు చుక్క నూటికి తొంభైసార్లు వస్తున్నది. నాకు ధీమా కలిగింది. నవారు ఎప్పుడు తీసివేద్దామని అడిగాను. "మిగిలిన పదిసార్లు ఎప్పుడు రావడం లేదో చూశారా?" అన్నారాయన. చూడలేదు. చూస్తే తెలిసింది: ఆ పదిసార్లూ ఉడుతే.

దీని గురించి చదువుతూ ఉండగా ఒక పాత వ్యాసం తారసపడింది. జంతువుల ప్రవర్తనపై పేరెన్నికగన్న శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ వద్ద చదువుకున్న కెల్లర్ బ్రెలాండ్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు ప్రదర్శనల కోసం ఆరువేలకు పైగా జంతువులకు శిక్షణ ఇచ్చినవారు. 1961లో తమ వైఫల్యాలను దాచకుండా వ్రాసుకున్నారు. చెక్క నాణేన్ని కరచి తెచ్చి డబ్బాలో వేస్తే మేత దొరుకుతుందని పందికి నేర్పారు. కొన్ని వారాలు అది చక్కగా తెచ్చింది. తరువాత నాణేన్ని దారిలో పడవేసి, మూతితో నేలమీద దొర్లించడం ప్రారంభించింది. ఆకలి ఎక్కువైతే బుద్ధిగా తెస్తుందనుకుంటే, ఆకలితోపాటు దొర్లించడమే ఎక్కువైంది. నేర్పిన విద్య క్రమంగా పుట్టు స్వభావంలోకి జారిపోయిందన్నమాట. గ్రంథమంతటిలో అపజయాల అధ్యాయమే నిజాయితీగలదని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. చుక్క నా ఈలను మరచిపోలేదు. ఉడుత కనబడిన క్షణంలో దానికంటె పాత ఈల ఒకటి దాని నెత్తుట్లో మోగుతున్నది. దానిని నేను తీసివేయలేను. ఆ క్షణం రాకముందే పిలవడం మాత్రం నేర్చుకోగలను. అది చెవులు నిక్కించి, ముందుకాలు ఎత్తి, బిగుసుకునే అరక్షణంలో ఈల వినబడితే వస్తుంది. పరుగు మొదలైన తరువాత ఊదితే రాదు. ఆపై నేను కుక్కకు నేర్పడం తగ్గించి, కుక్కను చూడడం నేర్చుకున్నాను.

మరి ఎక్కడ విప్పాలి? ఈ ప్రశ్నకు ఢిల్లీలో జవాబు తేలిక కాదు. మెహ్రౌలీ పక్కన సంజయ్ వనం ఉంది. కాని అక్కడ నెమళ్ళు, నీలగాయిలు, నక్కలు కాపురముంటాయి. వాటి ఇంటికి మన కుక్కను విడిచిపెట్టడం న్యాయం కాదు, చట్టమూ ఒప్పుకోదు. లోడీ గార్డెన్‌లో నడకకు వచ్చే వృద్ధులు, పసిపిల్లలు. ఏ వీధి చూసినా అది తమ పొలిమేర అనుకునే వీధికుక్కల గుంపొకటి. హైదరాబాదులో కొండాపూర్ దగ్గర, ఒకప్పుడు చెత్త పోసిన 1.3 ఎకరాల స్థలాన్ని బాగుచేసి, కుక్కల కోసమే పార్కుగా 2018లో తెరిచారు. బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు చూసి వచ్చి, మా ఆవిడకు వర్ణించి చెప్పాను.

ఆవిడకు ఈ జాగ్రత్తలన్నీ అతిగా తోచేవి. "ఇంద్రప్రస్థం ఏలిన ధర్మరాజు వెంట హిమాలయాల దాకా నడిచిన కుక్కకు గొలుసు ఉందా?" అనేది.

"అది సాక్షాత్తు ధర్మదేవత. పైగా ఆ దారిలో ఆటోలు లేవు" అన్నాను.

నన్ను నిజంగా ఆపినది ఆటోలు కూడా కాదు. మా కింది అంతస్తులో ఏడేళ్ళ పాప ఉంది. అంతకు రెండేళ్ళ ముందు ఆమెను వీధికుక్క పిక్కమీద కరిచింది. వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. ఇంజక్షన్లు పూర్తయ్యేవరకు తల్లిదండ్రులకు నిద్ర లేదు. ఆ పాప లిఫ్టులో చుక్కను చూస్తే గోడకు అంటుకుపోయేది. "ఏమీ చేయదమ్మా, మంచిది" అని నేను నవ్వుతూ అనేవాణ్ణి. ఆ మాట ఎంత అర్థరహితమో చాలాకాలానికి గాని తెలియలేదు. నా కుక్క మంచిదని నాకు తెలుసు. పాపకు తెలిసినది తన పిక్క.

2025 ఆగస్టులో ఈ భయమే దేశమంతా చర్చకు వచ్చింది. 11వ తేదీన సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలన్నది. 22వ తేదీన, రేబిస్ సోకినవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగిలినవాటికి ఆపరేషను చేసి, టీకా వేసి, తెచ్చిన చోటనే విడిచిపెట్టాలని సవరించింది. ఆ పది రోజులూ మా కాలనీ రెండుగా చీలింది. కుక్కలను ప్రేమించేవారు భయపడేవారిని కఠినులన్నారు. భయపడేవారు ప్రేమించేవారిని పిచ్చివారన్నారు. నేను ఇరువైపులా తలలూపి, ఎవరికీ నచ్చలేదు. కాని ఒక సంగతి రూఢి చేసుకున్నాను: జనం నడిచే చోట చుక్క గొలుసు విప్పను, అది నూటికి నూరుసార్లు వచ్చినా సరే. పెంపుడు జంతువు వలన మనుషులకు అపాయం కలగకుండా చూడకపోతే భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షను కింద ఆరు నెలల జైలు గాని, అయిదువేల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అయితే నా నిర్ణయానికి కారణం సెక్షను కాదు, లిఫ్టు గోడ.

చివరకు చోటు మా ఆవరణలోనే దొరికింది. వెనుకవైపు, చుట్టూ ఎత్తయిన వలకంచె ఉన్న బాడ్మింటన్ కోర్టు. ఉదయం అయిదు నుంచి ఆరు వరకు, పిల్లలెవరూ రాకముందు, వాడుకుని శుభ్రం చేసి వెళ్ళే షరతు మీద కమిటీవారు అనుమతించారు. వ్రాతపూర్వకంగా అడిగాను, పాత అలవాటు.

నవంబరులో ఒక ఉదయం. సర్దార్జీ గేటు మూసి, కంచెకు అటువైపు నిలబడ్డారు. నేను వంగి, పట్టీ నుంచి నవారు ముడి విప్పాను. చేతులు వణికాయి. చుక్క కదలలేదు. ముడి విప్పిన సంగతి దానికి తెలియనే లేదు! నేను నడిస్తే నా పక్కనే నడిచింది, ఆగితే ఆగింది. మేమిద్దరమూ ఆ కోర్టు చుట్టూ నవారు ఉన్నట్టే రెండు ప్రదక్షిణాలు చేశాము. మూడవ చుట్టులో ఒళ్ళు దులుపుకున్నది, నావైపు చూసింది, ఒక్క ఉరుకు ఉరికింది. చెవులు వెనక్కి వాలి, పొట్ట నేలకు తగులుతున్నట్టు, కోర్టంతా గుండ్రంగా. నేను ఈల నోట పెట్టుకుని కూడా ఊదలేదు. "ఊదండి" అన్నారు సర్దార్జీ. ఊదాను. పరుగు మధ్యలోనే తిరిగి, నా కాళ్ళ మీదకు వచ్చి పడింది. పనీరు డబ్బా మూత తీయడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఇప్పుడిది ప్రతి ఉదయపు కార్యక్రమం. ఆరుకు పది నిమిషాల ముందు గొలుసు చేతిలోకి తీసుకుని చూపిస్తాను. అదే వచ్చి మెడ చాపుతుంది. ఈమధ్య కింది అంతస్తు పాప తండ్రి వేలు పట్టుకుని, కంచెకు బయట, నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నది. నిన్న, ఈల తాను ఊదవచ్చునా అని అడిగింది. కడిగి ఇచ్చాను.