చదరంగపు గళ్ళలో ఒక మహాసంఖ్య

చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు – ఇలా ఇనుమడిస్తూ 64 గళ్ళూ నింపమన్న కథ ఎరుగని పాఠకులు అరుదు. ఆ మొత్తాన్ని ఒక తెలుగు కవి పద్యంలో పొదిగాడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఆయన పావులూరి మల్లన. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని ఆంధ్రీకరించినవాడు. 11వ శతాబ్దివాడని పలువురు పండితుల మతం. మూలంలోని జైన ప్రస్తావనల చోట శైవ ప్రస్తావనలు నిలిపాడు. అనువాదమే వృత్తిగా గల నాకు అది దోషంగా తోచదు. అయితే సంఖ్య దగ్గర ఆ స్వేచ్ఛ చెల్లదు.

ఆయన పేర ప్రసిద్ధమైన ఆ పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి. శశి అంటే ఒకటి, శరం అంటే అయిదు, వేదమంటే నాలుగు. సంఖ్యలో ఏడు మూడుసార్లు వస్తుంది; నగ, భూధర, గిరి అని కొండకు మూడు పర్యాయపదాలు వాడి ఛందస్సును నిలిపాడు. మాటలను చివరినుండి వెనక్కు చదివితే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది.

ఇది ఎంత? గ్రాముకు 40 గింజల లెక్కన దాదాపు 46,000 కోట్ల టన్నుల బియ్యం. ధాన్యానికి పేరుపడిన ఛత్తీస్‌గఢ్‌లో ఉంటూ కూడా ఆ రాశిని ఊహించలేము. మా భిలాయి కర్మాగారాన్ని మొదట ఏటా 10 లక్షల టన్నుల ఉక్కుకు నిర్మించారు. ఆ లెక్కన అంత బరువు ఉక్కు రావాలంటే 4 లక్షల 60 వేల ఏళ్ళు!

వ్రాయసకాడు పొరపాటున పద్యారంభంలోని శశిని గిరి అని వ్రాశాడనుకుందాం. రెండూ రెండేసి లఘువులే. ఛందస్సు చెడదు, ఎవరికీ అనుమానం రాదు. కాని సంఖ్య చివర 615కు బదులు 675 అవుతుంది. సరైన సంఖ్యకు ఒకటి కలిపితే 64 పర్యాయాలు నిశ్శేషంగా సగం చేయవచ్చు. తప్పు సంఖ్య మూడవసారికే మొరాయిస్తుంది. తాళపత్రాలపై చేతులు మారుతూ వచ్చిన పద్యానికి ఇంతకన్న గట్టి కాపలా ఏముంటుంది?

ఈ సంఖ్యను కారణాంకాలుగా విడదీస్తే 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 వస్తాయి. వీటిలో 641 కథ రసవత్తరమైనది. 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 3, 5, 17, 257, 65,537ల వరుసలో తరువాతిదైన 4,29,49,67,297 కూడా ప్రధానసంఖ్యే అని నమ్మాడు. 1732లో ఆయిలర్ దానిని 641తో భాగించి చూపాడు. మల్లన మహాసంఖ్యను కూడా ఆ 641 నిశ్శేషంగా భాగిస్తుంది. ఓపిక గల పాఠకులు కాగితంపై సరిచూసుకోవచ్చు.