గడప దాటించేది ఎవరు?

సంఘం పనిమీద సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో తిరుగుతుంటాను. మిర్యాలగూడ దగ్గర ఒక ఊళ్లో నాట్లకు పోయే ఒక తల్లి కలిసింది. పదేళ్ల కూతురికి కాళ్లు పనిచేయవు. మూడో తరగతి దాకా ఆమే చంకనెత్తుకుని బడికి తీసుకెళ్లింది. "బరువైంది అక్కా, ఎత్తుకోనొస్తలేదు. ఒంటికి పోవాలన్నా నేనే ఉరకాలె. కూలి పోగొట్టుకుంటే ఏం తినాలె?" అంది. ఇప్పుడా పిల్ల ఇంట్లోనే ఉంటోంది. పేరు మాత్రం రిజిస్టరులో ఉంది.

ఇలాంటి పిల్లలకు ప్రపంచం చాలా మాటలే ఇచ్చింది. 1994 జూన్‌లో స్పెయిన్‌లోని సాలమాంకాలో 92 ప్రభుత్వాలు, 25 అంతర్జాతీయ సంస్థలు సమావేశమై, పిల్లలందరికీ ఒకే బడి ఉండాలనీ, బడే పిల్లలకు తగినట్టు మారాలనీ ప్రకటించాయి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక దాన్ని హక్కుగా గుర్తించింది. 2007లో మన దేశం ఆమోదించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య ఇవ్వాలని 2016 చట్టం చెప్పింది. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది.

మరి ఆ పిల్లను గడప దాటించేదెవరు? ఈ కాగితాలన్నీ ఇంట్లో ఖాళీగా ఒక తల్లి ఉంటుందని అనుకుని రాసినట్టున్నాయి. ఆమె శ్రమకు లెక్క లేదు. సమగ్ర శిక్ష పథకం వికలాంగ బాలికలకు ఇచ్చే స్టయిపెండు నెలకు 200 రూపాయలు. రోజుకు ఏడు రూపాయలు కూడా పడదు!

కోదాడలో ఒక ఇంట్లో ఇదే స్థితిలో ఉన్న కొడుక్కి ఆటో మాట్లాడారు. కూతురైతే అప్పు చేసి ఆటో పెట్టేవారా? ఎదిగే ఆడపిల్లను పరాయి మగాడి ఆటోలో ఒంటరిగా పంపేవారా? "ఇంటి దగ్గర చదువు అని రాస్తే అందరికీ సులువు" అని సూర్యాపేటలో ఒక టీచరు నాతో అంది. నిజమే, సులువే. కదలలేని పిల్లల కోసం పెట్టిన ఏర్పాటు, కదిలించడం ఇష్టంలేని మనకు సాకైపోయింది.

2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో బడుల మరమ్మతులను మహిళా సంఘాలకు అప్పగించింది. అంటే అడగాల్సింది ప్రభుత్వాన్నే కాదు, మనల్ని మనం కూడా. సున్నాలు, రంగుల కంటే ముందు ఆ పిల్ల వాడుకోగల మరుగుదొడ్డి కట్టించామా? జీతమిచ్చి ఒక ఆయాను పెట్టమని తీర్మానం చేశామా? తల్లి నడుం విరిగేదాకా మోస్తేనే నడిచే చదువును హక్కు అనలేం.